దోమతెరలో ఆరు కోళ్ళు

జూన్ 4

వదినా,

కోళ్ళ బండి వచ్చి వెళ్ళిందనీ, ఆరూ క్షేమంగా దిగాయనీ అన్నయ్య ఫోన్ చేశాడు. నీకిమ్మంటే, "మీ వదినకు రెండో చెవి కూడా మొరాయిస్తోంది, ఉత్తరం రాయి, నాలుగుసార్లు చదువుకుంటుంది" అన్నాడు. సరే, చదువుకో.

పని పెద్దగా ఏమీ లేదు. మేత, నీళ్ళు, గూడు శుభ్రం. రెండు వారాలకోసారి మా కాంపౌండరు వస్తాడు. రెక్క కింది నరంలోంచి కాస్త రక్తం తీసి, కాలి రింగు మీది నంబరు సీసా మీద రాసుకుని నాకు తెచ్చిస్తాడు. పక్షులకు దోమల వల్ల ఏ వైరస్‌లు సోకుతున్నాయో కనిపెట్టడం మా ల్యాబ్ పని. మన ఊళ్ళో ఇలాంటి గూళ్ళు తొమ్మిది పెట్టాం. పంపుహౌస్ వెనక, మురుగు కాలవ పక్కన ఒకటి ఉండాలి, నమ్మకమైన మనిషి కావాలి అన్నారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నీ సంగతి చెప్పాను.

వాటికేమైనా కీడు జరుగుతుందా అని అన్నయ్యచేత అడిగించావట. ఏమీ జరగదు. నన్ను చూసుకున్నట్టే చూసుకో, చాలు. గుడ్లు మీవే.

నీ పిచ్చుక

జూన్ 20

పిచ్చుకా,

ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు. ఆ సగం అధికారంతో నువ్వు నా పెరట్లో ఆరు కోళ్ళు దింపావు. మిగతా అధికారం ఉన్నాయన, గూడు కడగమంటే పంపు ఆగిపోయిందంటూ డ్యూటీకి పరిగెడుతున్నాడు. నిన్ను చూసుకున్నట్టే చూసుకోమన్నావు కదా. నిన్ను చూసుకోవడమంటే మాటలా? నేను ఈ ఇంటికి వచ్చేసరికి నీకు తొమ్మిదేళ్ళు. తలలో పేలు, ముక్కులో చీమిడి, నోట్లో అబద్ధం. ఈ కోళ్ళు నీకంటే నయం.

ఒకటో నంబరుకు హెడ్‌మాస్టరమ్మ అని పేరు పెట్టాను. మిగతా వాటిని వరసలో నిలబెడితే గాని మేత ముట్టదు. నాలుగో నంబరు మహా సిగ్గరి. గుడ్డు పెట్టినా అరవదు, నేనే వెతుక్కోవాలి.

చీకటి పడితే మాత్రం వాటి బాధ చూడలేకపోతున్నాను. కాలవలోంచి దోమలు లేస్తాయి, చెయ్యి ఊపితే పిడికిట్లోకి వచ్చేన్ని. పాపం, ఒంటికాలి మీద నిలబడి ఇంకో కాలితో గోక్కుంటాయి. తురాయిల నిండా నల్లటి మచ్చలు. మనమైతే తిట్టుకుంటాం, ఊదుబత్తి వెలిగించుకుంటాం. నోరు లేనివి ఏం చేస్తాయి? ఎదురింటి టైలరు గారితో చెప్పుకున్నాను. ఆయన మెడలో టేపు వేసుకుని వచ్చి, కొలతలు లేకుండా దిండు గలీబు కూడా కుట్టనని గూడు చుట్టూ కొలిచాడు. "హెడ్‌మాస్టరమ్మ నడుం కూడా కొలవండి" అని ఆయన భార్య ఒకటే నవ్వు. మర్నాటికి దోమతెర సిద్ధం. సాయంత్రం దించుతాను, తెల్లారగానే ఎత్తి తాడుతో కట్టేస్తాను. కాంపౌండరు వచ్చే వేళకు గూడు అద్దంలా ఉంటుంది.

మొన్న కాంపౌండరు సూది గుచ్చుతుంటే నాలుగో నంబరు నా కొంగులో తల దాచుకుంది. నీకూ అదే అలవాటు ఉండేది.

ఒంట్లో బాగుందా? సరిగా తింటున్నావా, నిలబడే మింగుతున్నావా?

వదిన

జూన్ 27

వదినా,

కూర్చునే తింటున్నాను, ఒట్టు.

నీ కోళ్ళ ఆరు సీసాలూ పరీక్ష చేశాను. దేనిలోనూ ఏమీ లేదు. రిజిస్టరులో నీ గూడుకు ఎదురుగా ఆరుసార్లు 'లేదు' అని రాశాను. కాంపౌండరు నీ గూడు గురించి ఆఫీసంతా చెప్పాడు. ఇంత శుభ్రంగా ఎవరూ ఉంచడం లేదట.

ఇక్కడ మాకు ఇంకో పని కూడా మొదలైంది. తెల్లవారకముందే చెరువు గట్టుకు వెళ్ళి, సన్నటి వలలు కట్టి, కొంగల్ని, కాకుల్ని పట్టుకుని, రక్తం తీసి వదిలేస్తున్నాం. నిన్న ఒక కొంగ నా బొటనవేలు పొడిచింది. కాకులైతే ఒకదాన్ని పడితే వంద వచ్చి తిడతాయి.

ఒక్క మాట. ఆ తెర వద్దు వదినా. కోళ్ళకు గాలి ఆడదు. ఉక్కకు గుడ్లు మానేస్తాయి. తీసేయి.

నీ పిచ్చుక

జూలై 11

పిచ్చుకా,

గాలి సంగతి చూసుకున్నాలే, దిగులు పడకు. గుడ్లు మానడం కాదు కదా, నిన్న అయిదు పెట్టాయి. రెండు టైలరు గారింటికి పంపాను. ఆయన కోళ్ళకు ఊరికే కుట్టాడు కదా, నా జాకెట్లకు మాత్రం నెల తిప్పుతాడు.

ఈసారి కూడా ఏమీ లేదని కాంపౌండరు చెప్పాడు. వీధిలో తలెత్తుకు తిరుగుతున్నాననుకో. మీ అన్నయ్యకు కుళ్ళు. "నా కోడీ నా కుంపటీ లేకపోతే తెల్లారదనుకునే ముసలమ్మలా తయారయ్యావు" అంటున్నాడు. అననీ. నా చేతిలో పెరిగినదేదీ చెడిపోలేదని నేనన్నాను. ఎవరిని గురించి అన్నానో నీకు తెలుసు.

సాయంత్రం కాసేపు టైలరు దంపతులు కూడా వచ్చి గూడు దగ్గర కూర్చుంటున్నారు. ఆయన మిషను మీంచి లేచేసరికి నడుం పట్టేసి ఉంటుంది. కాలవ పక్కన గాలి బాగుంటుందంటాడు.

వదిన

ఆగస్టు 2

వదినా,

మంచి కబురు. కోళ్ళ గూళ్ళ విభాగమంతా ఇకమీదట నేనే చూడాలట. బల్ల మారింది, కిటికీ పక్కకు వచ్చాను. ఇందులో సగం నీ చలవే.

ఎలాగో చెబుతాను. మొన్న మీటింగులో పెద్ద చర్చ జరిగింది. చెరువు దగ్గర పట్టిన మూడు కొంగల్లో, రెండు కాకుల్లో మెదడువాపు జ్వరం తెచ్చే వైరస్ జాడ దొరికింది. జాడ అంటే జబ్బు కాదు. వైరస్ ఒంట్లోకి వచ్చినప్పుడు దాన్ని ఎదిరించడానికి రక్తం యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది, అవి మాకు దొరుకుతాయి. చెరువు మీకు దగ్గరే కాబట్టి దోమల మందు బండిని మీ వైపు పంపుదామన్నారు ఆఫీసరు గారు. ఉన్నది ఒకటే బండి. నేను లేచి, "కొంగలకు రెక్కలున్నాయి సార్. ఎక్కడ కుట్టించుకుని వచ్చాయో ఎవరికి తెలుసు? పంపుహౌస్ గూడులో ఇప్పటికి నాలుగుసార్లు పరీక్ష చేశాను, ఒక్కదానిలో కూడా లేదు" అన్నాను. అందరూ తలలూపారు. బండి స్టేషను వైపు వెళ్ళింది.

అంతమందిలో అలా మాట్లాడగలనని నాకే తెలియదు. చిన్నప్పుడు నలుగురొస్తే నీ వెనక దాక్కునేదాన్ని కదా.

అన్నయ్యకు చెప్పు. టైలరు గారికి కూడా. కొత్త చీరకు జాకెట్టు కుట్టించుకోవాలి.

నీ పిచ్చుక

ఆగస్టు 19

పిచ్చుకా,

నీ సంతోషంలో పాలుపంచుకుంటూ రాయాల్సిన ఉత్తరం, ఇలా రాయాల్సి వస్తోంది. టైలరు గారికి బాగా లేదు. నాలుగు రోజులు మామూలు జ్వరమే అనుకున్నారు. అయిదో రోజు మాట ముద్దగా వచ్చింది. భార్యను గుర్తుపట్టలేదు. ఫిట్స్ వస్తుంటే మీ అన్నయ్య, ఇంకో ఇద్దరు కలిసి మోసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మెదడువాపు జ్వరమన్నారు. తొమ్మిది రోజులుగా అక్కడే ఉన్నాడు. రోజూ క్యారియర్ పట్టుకెళుతున్నాను. ఆవిడ రెండు ముద్దలు తిని మూత పెట్టేస్తోంది.

నిన్న మందు బండి మా వీధిలోకి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

నాకొకటి అర్థం కావడం లేదు. మన కోళ్ళకు ఏమీ లేదన్నావు కదా, మరి ఈయనకు ఎక్కడిది? ఎక్కడికైనా వెళ్ళొచ్చాడా అని అడిగితే, ఏడాదిగా ఈ వీధి దాటలేదంది ఆవిడ.

వదిన

ఆగస్టు 23

వదినా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. అన్నీ తర్వాత. ఒక్కదానికి వెంటనే జవాబు రాయి. జూన్‌లో టైలరు గారు కుట్టిన తెర నువ్వు తీసేశావు కదా? ఏ రోజు తీశావు?

పిచ్చుక

ఆగస్టు 28

పిచ్చుకా,

మనిషి ప్రాణం మీదికి వచ్చిందని రాస్తే తెర గురించి అడుగుతావేం?

తీయలేదు. గాలి ఆడదట అని చెబితే, ఆయనే విప్పి, నాలుగు జానలు ఎత్తు పెంచి, ఇంకా పల్చటి గుడ్డతో మళ్ళీ కుట్టి ఇచ్చాడు. గాలి బ్రహ్మాండంగా ఆడుతోంది. ఒక్క దోమ దూరితే ఒట్టు. నేను కూడా లోపలికి దూరి కూర్చోవచ్చు, అంత బాగా కుదిరింది.

ఆయన కళ్ళు తెరిచాడు. మాట కొంచెం కొంచెం వస్తోంది. కుడి చెయ్యి మాత్రం కదలడం లేదు.

వదిన

సెప్టెంబరు 3

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నీకు ముఖం చూపించాల్సిన పని లేకుండా కాగితం ఉన్నందుకు కూడా సిగ్గుపడుతున్నాను.

ఆ కోళ్ళు ఉన్నది దోమలు కుట్టడానికే. నేను నీకు చెప్పనిది అదొక్కటే. కోడికి ఆ జ్వరం రాదు, నలత కూడా చెయ్యదు. కాని వైరస్ ఉన్న దోమ కుడితే దాని రక్తంలో జాడ మిగులుతుంది. అది చూసి, ఆ వీధిలో దోమల్లో వైరస్ ఉందని మనుషులకంటే ముందు మాకు తెలుస్తుంది. అప్పుడు మందు బండి పంపుతాం, జనాన్ని హెచ్చరిస్తాం. తెర వేసిన గూడులోంచి వచ్చిన రక్తం చూసి, మీ వీధిలో ఏమీ లేదని నేను నలుగురిలో నిలబడి వాదించాను. గాలికి తిరిగే కొంగలు నిజం చెప్పాయి. వాటి మాట తీసేశాను.

నువ్వు తెర సంగతి రాసిన రోజే నాకు తెలిసిపోయింది వదినా. తెలియక చేసింది కాదు. కోళ్ళను దోమలకు అప్పగించమని చెబితే నువ్వు ఛీ అంటావనీ, గూడు తీసుకుపొమ్మంటావనీ భయపడ్డాను. నమ్మకమైన మనిషని ఆఫీసులో గొప్పలు చెప్పుకుని ఉన్నాను. అందుకని గాలి ఆడదని నోటికి వచ్చింది రాశాను. నేనిచ్చిన కారణానికే నువ్వు వైద్యం చేశావు. నీ తప్పు ఇసుమంత కూడా లేదు. 'గాలి సంగతి చూసుకున్నా' అని నువ్వు రాస్తే, తెర తీసేశావని నాకు కావలసినట్టు అనుకుని ఊరుకున్నాను. మరోసారి అడగాలని తోచింది కూడా. అడిగితే ఎందుకంటావని అడగలేదు.

టైలరు గారి చెయ్యి గురించి చదివినప్పుడు తల కొట్టేసినట్టయింది. ఆయన కుట్టే మనిషి.

కాళ్ళు పట్టుకుంటాను, ఆయనకు మాత్రం ఇంకా ఏమీ చెప్పకు. నేనే వచ్చి చెబుతాను.

పిచ్చుక

సెప్టెంబరు 12

పిచ్చుకా,

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది. మూడోసారి మీ అన్నయ్యకు చదివి వినిపించాను. ఆయన పెరట్లోకి వెళ్ళి తెర విప్పి మడతపెట్టాడు. ఆ రాత్రి ఇద్దరం అన్నం ముట్టలేదు.

నేను ఒప్పుకోననుకున్నావా? నాకు పెద్ద చదువు లేదు గాని, కోడి ఎక్కువో మనిషి ఎక్కువో తెలియనిదాన్ని కాను. "వదినా, వీటికి ఏమీ కాదు, దోమలు కుట్టనివ్వు, వీధికి మంచిది" అని చెబితే, కళ్ళు మూసుకుని కుట్టనిచ్చేదాన్ని. మహా అయితే నాలుగు రోజులు సణిగేదాన్ని. నా సణుగుడుకు భయపడి ఎదురింటాయన చెయ్యి పోగొట్టావు. ఇరవై ఏళ్ళు నా చేతి అన్నం తిని, నన్ను ఇంతేనా అంచనా వేసింది?

నా తప్పు లేదంటావు. తెర కుట్టించింది నేను. ఆ మనిషి ఎవరి కోళ్ళ కోసం రెండుసార్లు కుట్టాడు? ఆయన ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాడు. రోజూ క్యారియర్ తీసుకెళితే ఆవిడ "నీలాంటి పొరుగు ఎవరికి దొరుకుతుంది" అంటోంది. ఆ మాట విని వచ్చి నూతి దగ్గర నిలబడి ఏడుస్తున్నాను.

ఇంకోటి. ఆదివారం బస్సు దిగి మా సందు మొదటిదాకా వచ్చావట. ఇస్త్రీ బండాయన చూశాడు. కాసేపు నిలబడి వెనక్కి తిరిగి వెళ్ళిపోయావని చెప్పాడు. "మీ ఆడపడుచు ఇల్లు మరిచిపోయిందా అమ్మా" అని అడిగాడు. అవునన్నాను.

వదిన

సెప్టెంబరు 20

వదినా,

ఇల్లు మరిచిపోలేదు. టైలరు గారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడం చేత్తో దాన్ని సర్దుకుంటున్నారు. అది చూశాక అడుగు ముందుకు పడలేదు.

ఆఫీసరు గారికి మాత్రం చెప్పేశాను. రాసి కూడా ఇచ్చాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. అద్దాలు తీసి, "ఇన్నాళ్ళూ రిజిస్టరులో రాసినవన్నీ ఇప్పుడు నమ్మాలా వద్దా?" అని అడిగారు. విచారణ జరుగుతోంది. గూళ్ళ పని నా దగ్గరనుంచి తీసేశారు. కిటికీ పక్క బల్ల వేరేవాళ్ళకు ఇచ్చారు. ఇప్పుడు సీసాలు కడుగుతున్నాను, కొంగల వలలు మోస్తున్నాను. అది న్యాయమే.

తెర తీశాక నీ కోళ్ళ రక్తం వేరే అమ్మాయి పరీక్ష చేసింది. రెండో నంబరులో, నాలుగో నంబరులో జాడ ఉంది.

టైలరు గారికి నేను వేరుగా ఒక ఉత్తరం రాసి దీనితో పంపుతున్నాను. నాకు నోరు రాదు. నువ్వే చదివి వినిపించు వదినా, ఈ ఒక్కసారికి.

పిచ్చుక

అక్టోబరు 5

పిచ్చుకా,

ఆయనకు నువ్వు రాసిన ఉత్తరం విప్పలేదు. తిరిగి పంపుతున్నాను. ఆయన చెయ్యి పడిపోయింది గాని చెవులు బాగానే ఉన్నాయి.

నా వంతు నేను చెప్పుకున్నాను. శుక్రవారం పొద్దున ఇద్దరినీ కూర్చోబెట్టి, తెర వల్ల కోళ్ళు అబద్ధం చెప్పాయని చెప్పాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నాతో మాట్లాడడం లేదు. క్యారియర్ గుమ్మంలో పెడితే అలాగే ఉంటోంది. ఆమెను తప్పు పట్టను.

ఆయన మాత్రం, "తెర ఎందుకు వద్దో మనకెవరూ చెప్పలేదా?" అని అడిగాడు. ఎవరూ చెప్పలేదన్నాను. నీ పేరు చెప్పలేదు. నిన్ను కాపాడడానికి కాదు, అది నీ నోటితో రావాల్సిన మాట కనక.

నిన్న తనే కర్ర పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. వచ్చే ఏడు ఈ కోళ్ళు ఎవరు చూస్తారని అడిగాడు. నా వల్ల కాదన్నాను. నిజంగానే కాదు, వాటి ముఖం చూడలేకపోతున్నాను. "అయితే నేను చూస్తాను. ఇక సూది పట్టేది లేదు. గింజలు చల్లడానికి ఎడం చెయ్యి చాలదూ? ఆఫీసులో మీ ఆడపడుచు ఉంది కదా, ఒక మాట చెప్పమనండి" అన్నాడు. నేను సరేనని తలూపి లోపలికి వచ్చేశాను.

ఆయన నీ దగ్గర సాయం అడుగుతున్నాడు పిచ్చుకా. ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండా అడుగుతున్నాడు.

వదిన

అక్టోబరు 19

వదినా,

ఆదివారం వచ్చాను. మీ తలుపుకు తాళం చూడగానే నువ్వు కావాలనే ఇంట్లో లేవని అర్థమైంది. ఉంటే నీ వెనక నిలబడేదాన్ని.

సందు మొదట్లో ఇస్త్రీ బండాయన, "ఇవాళ ఇల్లు గుర్తుందా అమ్మా?" అన్నాడు. గుర్తుందన్నాను. టైలరు గారు మెట్ల మీదే ఉన్నారు. నన్ను చూసి జరిగి చోటిచ్చారు. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. కోళ్ళు ఎందుకు పెట్టామో, తెర ఎందుకు వద్దో, అది నాకు ముందే తెలుసని, తెలిసి గాలి ఆడదని అబద్ధం రాశానని, మందు బండిని మీ వీధికి రాకుండా ఆపింది నేనేనని. ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నేను ఏడిస్తే ఆయనే నన్ను ఓదార్చాల్సి వస్తుందని గట్టిగా పళ్ళు బిగబట్టాను.

ఆవిడ ఒకే మాట అన్నది. "మా ఆయన రెండోసారి కుట్టేటప్పుడు కళ్ళు లాగుతున్నాయన్నాడు. నేనే, పాపం నోరు లేనివి, కుట్టిపెట్టమన్నాను." ఆ మాట అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆయన క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. "ఈ జ్వరం ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రాదంటారు, నిజమేనా?" అని అడిగారు. సాధారణంగా రాదు, కాని ఖాయంగా చెప్పలేనన్నాను. దోమలు ఇంకా ఏమేం తెస్తాయో, గూడు దగ్గర సాయంత్రాలు ఎందుకు కూర్చోకూడదో, చేతులకు నిండుగా బట్ట ఎందుకు వేసుకోవాలో చెప్పాను. కోళ్ళు గోక్కుంటుంటే చూడడం కష్టంగా ఉంటుందని, అయినా చూసి ఊరుకోవాలని చెప్పాను. ఏదీ మిగల్చలేదు. అంతా విని ఆయన, "సరే, అలాగే చేద్దాం" అన్నారు.

నా మాటకు ఇప్పుడు ఆఫీసులో విలువ లేదు. అయినా ఆయన సంగతి రాసి ఇచ్చాను. ఆఫీసరు గారు సంతకం చేశారు. మార్చిలో గూడు ఎదురింటి పెరట్లోకి మారుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాపులో లెక్కేసుకున్నాను. కోళ్ళ గురించి ఆయనకు మొదటినుంచి చివరిదాకా చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది వదినా. జూన్‌లో నీకు చెప్పడానికీ అంతే పట్టేది.

పిచ్చుక